గ్యాస్ నొప్పి అన్నాం, బెంచీ మీద కూర్చోమన్నారు

ప్రశ్న: మాది రాజోలు వైపు ఏటిగట్టు పక్కన చిన్న ఊరు. మా నాన్నకి 61 ఏళ్లు, కొబ్బరి దింపు పని చేస్తారు. పోయిన నెలలో ఒక రాత్రి ఒంటిగంటకి గుండెల మీద బరువు పెట్టినట్టు ఉందని లేచి కూర్చున్నారు. ఒళ్లంతా చెమట. అమ్మ గ్యాస్ అనుకుని వాము నీళ్లు తాగించింది. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి ఇంజెక్షన్ చేశారు. తగ్గలేదు. రెండున్నరకి ఆటోలో బయల్దేరి దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాం. "గ్యాస్ నొప్పండి" అని చెబితే బెంచీ మీద కూర్చోమన్నారు. మా తర్వాత వచ్చిన ఒక కుర్రాణ్ని మాత్రం చీటీ కూడా అడక్కుండా లోపలికి తీసుకెళ్లిపోయారు. పాము కరిచిందట. అరగంట తర్వాత నాన్న బెంచీ మీదే ఒరిగిపోతే అప్పుడు ఈసీజీ తీశారు. హార్ట్ ఎటాక్ అన్నారు. ఏదో ఇంజెక్షన్ చేసి కాకినాడ రాసేశారు. అక్కడ స్టెంట్ వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ మా బాబాయి మాత్రం "నేరుగా కాకినాడ తీసుకుపోకుండా ఆ చిన్నాసుపత్రిలో టైమంతా తగలేశావు" అని కనిపించినప్పుడల్లా అంటున్నాడు. అమ్మేమో గ్యాస్ అన్నందుకు ఇప్పటికీ ఏడుస్తోంది. నేను తప్పు చేశానా? ఆ కుర్రాణ్ని ముందెందుకు చూశారు? ఇంకోసారి ఇలాంటిది వస్తే ఏం చెయ్యాలి?

సమాధానం: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ నాన్నగారు బాగున్నారని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను. నేను 31 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాను. అందులో ఎక్కువ కాలం గోదావరికి అటూ ఇటూ ఉన్న చిన్న ఆసుపత్రుల్లో, క్యాజువాలిటీ డ్యూటీలోనే గడిచింది. మీరు రాసిన ఆ బెంచీ నాకు బాగా తెలుసు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ బాబాయి గారి మాట తేల్చేద్దాం. మీరు దగ్గరి ఆసుపత్రికి వెళ్లడం తప్పు కాదు. మీ నాన్నగారి గుండె నిలబడటానికి ముఖ్యమైన కారణం అదే.

గుండెపోటు అంటే గుండెకి రక్తం తీసుకెళ్లే నాళంలో గడ్డ అడ్డుపడటం. పొలానికి బోదె పూడిపోయినట్టే. ఆ చివర కండ ఎండిపోతూ ఉంటుంది, నిమిషం నిమిషానికీ. మీకు "ఏదో ఇంజెక్షన్" అని చెప్పింది, నాకు తెలిసినంతలో, ఆ గడ్డని కరిగించే మందే. టెనెక్టెప్లేస్ అనో స్ట్రెప్టోకైనేజ్ అనో దాని పేరు మీ రిఫరల్ కాగితం మీద ఉంటుంది, చూడండి. నొప్పి మొదలైన 12 గంటల లోపు దాన్ని ఇస్తారు. మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తే చేసే మేలు వేరు. బయట కొంటే వేలల్లో ఖరీదు. ఈసీజీని పెద్దాసుపత్రి గుండె డాక్టరుకి ఫోన్లో పంపి, ఆయన చూసి చెప్పాక చిన్నాసుపత్రిలోనే ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఇప్పుడు మన దగ్గర ఉంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటిది ఊహల్లో కూడా లేదు. ఆ రోజుల్లో గుండెపోటు వస్తే చెయ్యి పట్టుకుని కూర్చుని, బండి దొరికితే కాకినాడ పంపేవాళ్లం.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. రెండున్నరకి బయల్దేరి నేరుగా కాకినాడ పోతే మీ వైపు నుంచి రెండు గంటల పైనే ప్రయాణం. ఏ అయిదింటికో చేరతారు. అక్కడ చీటీ, ఈసీజీ అయ్యి, స్టెంట్ వేసే గదిలోకి తీసుకెళ్లేసరికి ఆరు దాటుతుంది. అప్పటిదాకా ఏ మందూ లేకుండా, పక్కన డాక్టరో సిస్టరో లేకుండా, ఆటో వెనక సీట్లో ఒక గుండెపోటు మనిషి. దారిలో గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే మిషన్ ఆటోలో ఎక్కడిది? మీరు దగ్గరికి వెళ్లబట్టి, ఆలస్యం జరిగినా కూడా, నాలుగు కాకముందే మందు ఒంట్లోకి వెళ్లింది.

ఇంజెక్షన్ చేశాక కాకినాడ ఎందుకు రాశారంటే, ఆ మందు గడ్డని కరిగిస్తుంది కానీ నాళంలో ఉన్న సన్నం అలాగే ఉంటుంది. ఒక రోజు లోపల యాంజియోగ్రామ్ చేసి చూడాలి, అవసరమైతే స్టెంట్ వెయ్యాలి. అది చిన్నాసుపత్రిలో కుదరదు. "కాకినాడ రాసేశారు" అంటే మనవాళ్లకి వదిలించేసుకున్నారు అనే అర్థం స్థిరపడిపోయింది. నిజమే, అలా వదిలించుకోవడాలు నేనూ చూశాను. కానీ మీ విషయంలో జరిగింది అది కాదు. చెయ్యాల్సింది చేసి, పై మెట్టు ఎక్కించారు. మీ బాబాయి గారికి ఈ లెక్క చదివి వినిపించండి.

ఇక బెంచీ సంగతి.

చిన్నాసుపత్రిలో రాత్రి రెండున్నరకి ఎంతమంది ఉంటారో చెప్తాను. ఒక డ్యూటీ డాక్టరు, ఒకరో ఇద్దరో సిస్టర్లు, రోగుల్ని లేపి మోసే సాయానికి ఒక ఎంఎన్‌ఓ. అంతే. ఆ ఇద్దరు సిస్టర్లలో ఒకరు కాన్పుల గదిలో ఉండొచ్చు. కాబట్టి గుమ్మంలో అడుగుపెట్టిన మనిషిని చూసి, మీరు చెప్పే మాట విని, ఎవరిని ఇప్పుడే చూడాలి, ఎవరు అరగంట ఆగగలరు, ఎవరు తెల్లారేదాకా ఆగినా ఫరవాలేదు అని విడదీస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో దీనికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అని రంగులు పెట్టుకుంటారు. చిన్నచోట రంగుల పట్టీలు ఉండకపోవచ్చు, కానీ సిస్టర్ మనసులో అవే మూడు రంగులు. ఎవరు ముందు వచ్చారన్నది ఆ లెక్కలోకి రాదు. ఇది సినిమా టికెట్ల లైను కాదు.

ఆ కుర్రాడి విషయంలో లోపల ఏం జరుగుతుందో మీకు కనిపించలేదు కాబట్టి చెప్తాను. పాము కరిచిందని వచ్చిన మనిషి నుంచి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, గొట్టాన్ని కదపకుండా నిలబెడతాం. గోడ గడియారం చూసి టైము రాసుకుంటాం. సరిగ్గా 20 నిమిషాలు. తర్వాత గొట్టాన్ని నెమ్మదిగా ఒంపుతాం. పెరుగు తోడుకున్నట్టు రక్తం గడ్డకట్టి నిలిస్తే ఒక గండం తప్పినట్టు. నీళ్లలా జారిందా, రక్తపింజర విషం పని మొదలుపెట్టిందన్నమాట. ఇక ఆగకుండా విషానికి విరుగుడు సెలైన్‌లో ఎక్కించాలి, మొదటి విడతలోనే పది సీసాల దాకా. ఆ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది, కొందరికి పడదు, ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోతుంది. అందుకని డాక్టరు పక్కనే నిలబడి ఉండాలి. ఇది రక్తపింజర సంగతి.

కట్లపాము ఇంకో రకం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా సరిగ్గా కనిపించదు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట తడబడుతుంది, ఆ తర్వాత ఊపిరి ఆగిపోతుంది. ఆ సమయానికి ఆసుపత్రిలో ఉంటే సిస్టరు మూతి మీద అంబూ బ్యాగ్ పెట్టి చేత్తో ఒత్తుతూ ఊపిరి పోస్తుంది. నేను ఒకసారి అలా ఒత్తుకుంటూ అంబులెన్సులో కాకినాడ దాకా వెళ్లాను. యానాం వంతెన మీద చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారిపోతే ఆ అబ్బాయి మేనమామకి నేర్పించి ఒత్తించాను. ఆ అబ్బాయి బతికాడు.

అందుకని ఆ కుర్రాణ్ని లోపలికి తీసుకెళ్లడం న్యాయమే. కానీ మీ నాన్నగారిని బెంచీ మీద అరగంట కూర్చోబెట్టడం న్యాయం కాదు. అది దాచను. 60 దాటిన మనిషి ముచ్చెమటలతో రొమ్ము పట్టుకుని వస్తే, గ్యాస్ అని చెప్పినా, పుల్లని తేన్పులు అని చెప్పినా, పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలి. ఈసీజీ తియ్యడానికి డాక్టరు అక్కర్లేదు, సిస్టరు తీసి డాక్టరు దగ్గరికి కాగితం పట్టుకెళ్లొచ్చు. ఆ రాత్రి పని ఒత్తిడిలో అది తప్పిపోయింది. మీకు మనసొప్పితే ఆ ఆసుపత్రి సూపరింటెండెంట్‌కి ఉన్నది ఉన్నట్టు, టైములతో సహా ఒక కాగితం రాసి ఇవ్వండి. ఎవరినో శిక్షించమని కాదు. రొమ్ము నొప్పితో వచ్చినవాళ్లకి ముందు ఈసీజీ అని గోడ మీద ఒక కాగితం అంటించినా ఇంకో ఇంటికి మేలు జరుగుతుంది.

అదే సమయంలో మీ వైపు నుంచి మారాల్సింది ఒకటుంది. ఈ ఉత్తరం అంతటిలో మీరు గుర్తు పెట్టుకోవాల్సింది అదే.

గుమ్మం దగ్గర రోగం పేరు చెప్పకండి. చూసింది చెప్పండి, ఎప్పుడు మొదలైందో చెప్పండి. "గ్యాస్ నొప్పండి" అనేది మీరు పెట్టిన పేరు. "రాత్రి ఒంటిగంటకి మొదలైందండి, గుండె మీద బరువు పెట్టినట్టుందట, చొక్కా తడిసేంత చెమట పట్టింది, 61 ఏళ్లు" అనేది మీరు చూసింది. ఈ రెండో మాట విన్న ఏ సిస్టరూ బెంచీ చూపించదు. మా చెవికి "గ్యాస్" అనే మాట రోజుకి ఇరవైసార్లు వినబడుతుంది. "చెమట" అనే మాట వినగానే లేచి నిలబడతాం.

పక్షవాతంలో ఈ టైము మాట ఇంకా గట్టిది. మూతి వంకర పోయిందా, చెయ్యి పైకి లేవడం లేదా, మాట ముద్దగా వస్తోందా, ఈ మూడింటిలో ఏది కనిపించినా మొదట అడిగే ప్రశ్న "ఎప్పటి నుంచి?" అని. గడ్డ కరిగించే మందు పక్షవాతంలో నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ తీసి మెదడులో రక్తస్రావం లేదని తేలాకే. ఒకసారి తెల్లవారుజామున ఒక పెద్దావిణ్ని తెచ్చారు. కొడుకు "ఇప్పుడేనండి, అయిదింటికి" అన్నాడు. హడావిడిగా స్కాన్ ఉన్న చోటికి పంపడానికి కాగితాలు రాస్తున్నాం. పక్కన నిలబడ్డ పదేళ్ల మనవరాలు "కాదు, రాత్రి అన్నం తినేటప్పుడే మామ్మ చేతిలోంచి ముద్ద జారిపోయింది" అంది. ఒక్క మాటతో మొత్తం లెక్క మారిపోయింది. కొడుకు అబద్ధం చెప్పలేదు, తను చూసింది అయిదింటికి. అందుకని "చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారు?" అని ఇంట్లో అందరినీ అడిగి బయల్దేరండి. పక్షవాతం అనిపిస్తే నోట్లో ఏమీ పొయ్యకండి, మంచినీళ్లు కూడా. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

పురుగుల మందు విషయం రాయకుండా ఉండలేను. మన వైపు వరి పొలాలు ఉన్న ప్రతి ఇంట్లో ఆ డబ్బా ఉంటుంది. తాగిన మనిషిని తెచ్చి "వాంతులవుతున్నాయండి" అని మాత్రమే చెప్పిన ఇళ్లు చాలా చూశాను. పోలీసు కేసు భయం, పరువు భయం. బాబూ, మీ వీధిలో ఎవరికైనా ఇలాంటిది జరిగితే మీరు దగ్గరుండి నిజం చెప్పించండి. డబ్బా కూడా తెమ్మనండి, మూత బిగించి కవర్లో పెట్టి. ఏ మందో తెలిస్తేనే ఏ విరుగుడో తెలుస్తుంది. ఉప్పు నీళ్లు, పేడ నీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు. మందు పడ్డ బట్టలు తీసేసి ఒళ్లు కడిగి తీసుకురండి. ఆసుపత్రివాళ్లు ఎంఎల్‌సీ, అంటే పోలీసులకి తెలపాల్సిన కేసు, అని రాసి వాళ్లకి కబురు చేస్తారు. అది వాళ్లు తప్పనిసరిగా చేసే పని, వైద్యం దాని కోసం ఆగదు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా చూడకూడదని, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ప్రాణం నిలబడ్డాక ఆ మనిషితో మాట్లాడేందుకు 14416 టెలీమానస్ నంబరు ఉంది, తెలుగులో మాట్లాడతారు.

మీ నాన్నగారిది దింపు పని కాబట్టి ఇంకొకటి. కొబ్బరి చెట్టు మీంచి పడ్డ మనిషిని మనవాళ్లు ఏం చేస్తారో తెలుసుగా, ఒకరు చంకల్లో, ఒకరు కాళ్లు పట్టుకుని ఎత్తి ఆటోలో కుదేస్తారు. లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. వెన్నుపూస చిట్లి ఉంటే ఆ ఎత్తడంలోనే నరం తెగి రెండు కాళ్లూ శాశ్వతంగా పడిపోవచ్చు. పడ్డచోటే పడుకోబెట్టి ఉంచండి, తల కదలకుండా ఒకరు రెండు చేతులతో పట్టుకోవాలి, 108 వాళ్లు బల్ల తెస్తారు. వాళ్లు రాలేని చోటైతే తలుపు చెక్కో, వెడల్పాటి బల్లో తెచ్చి, నలుగురు కలిసి మనిషిని ఒక్క దుంగలాగా ఒకేసారి దొర్లించి దాని మీదకి చేర్చండి. మీతో దింపు పని చేసేవాళ్లందరికీ ఇది చెప్పండి.

పాము కాటుకి తాడు కట్టొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం పేరు చెప్పి గంట కూర్చోవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చెక్క పెట్టి వదులుగా కట్టి తీసుకురండి. పాముని చంపి తేనక్కర్లేదు. మన దగ్గర దొరికే విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ కలిపి ఒకటే. ఎవరైనా ముందే తాడు కట్టేసి ఉంటే దారిలో విప్పకండి, మేం మందు సిద్ధం చేసుకుని విప్పుతాం.

బయల్దేరడం గురించి. నొప్పి మొదలైన గంటన్నర మీకు ఇంట్లోనే పోయింది, ఆసుపత్రిలో పోయింది అరగంట. ఇది మిమ్మల్ని నొప్పించాలని చెప్పడం లేదు. ఇంకోసారి ఆ గంటన్నర మిగుల్చుకోవచ్చని చెప్తున్నాను. చెమటతో కూడిన రొమ్ము నొప్పి, పావుగంట దాటినా తగ్గని బరువు, దవడకో చేతికో పాకే నొప్పి అయితే వాము నీళ్లు లేవు, ఇంజెక్షన్ లేదు, 108. మన రాష్ట్రంలో ఆ బండి 2005 నుంచి తిరుగుతోంది, అయినా ఇప్పటికీ "అది ఎప్పుడొస్తుందో" అని ఆటో ఎక్కేవాళ్లే ఎక్కువ. ఫోన్ చేసినప్పుడు ఊరు పేరుతో పాటు రాత్రి పూట కూడా కనబడే గుర్తు చెప్పండి, రామాలయమో వాటర్ ట్యాంకో. ఎంతసేపు పడుతుందో అడగండి. ఆలస్యం అవుతుందంటే ఆటోలో ఎదురెళ్లి మెయిన్ రోడ్డు మీద కలుస్తామని చెప్పండి, చాలాసార్లు అలా చేశారు. మనిషిని నడిపించకండి. కుర్చీలో కూర్చోబెట్టి మోసుకురండి. ఆస్పిరిన్ మాత్ర నమిలించడం గురించి ఫోన్లో చాలా తిరుగుతున్నాయి. గుండెపోటులో అది మేలు చేసే మందే, కానీ పక్షవాతం లాంటి గుర్తులుంటే, కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవాళ్లకైతే ప్రాణం మీదకి తెస్తుంది. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు మీ నాన్నగారికి ఇంట్లో ఏం ఉంచుకోవాలో గుండె డాక్టరునే అడిగి రాయించుకోండి.

గోదావరి మధ్య లంకల్లో చుట్టాలెవరైనా ఉంటే వరదల నెలలు వేరే లెక్క. ప్రతి వరదకీ చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిపోవడం మీకు తెలిసిందే. 2022 జూలైలో ఎంత కష్టమైందో చూశాం. నెలలు నిండిన ఆడపిల్లలు, డయాలసిస్‌కి తిరిగేవాళ్లు, ఈమధ్యనే గుండెపోటు వచ్చినవాళ్లు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మొదటి వరద హెచ్చరిక ఇచ్చారని వినగానే ఏటికి ఇవతల చుట్టాల ఇంటికి వచ్చేయాలి. రెండో హెచ్చరికకి పడవ కోసం ఎదురుచూడటం మొదలవుతుంది.

ఇంట్లో సిద్ధంగా ఉండాల్సినవి పెద్దగా ఏం లేవు. బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించండి. అందులో ఇంట్లో ప్రతి పెద్దవాళ్ల వయసు, బీపీ షుగర్ ఉన్నాయా, ఏ మందు పడదు, ఇంతకుముందు ఏ ఆపరేషన్ అయింది అని ఉండాలి. మాత్రల పేర్లు రాయడం కన్నా ఖాళీ అయిన స్ట్రిప్పులు ఒక కవర్లో వేసి ఉంచండి. "రోజూ ఒక తెల్ల మాత్ర వేసుకుంటారండి" అని చెబితే మాకేం తెలుస్తుంది? మీ నాన్నగారి డిశ్చార్జి కాగితం, పాత ఈసీజీ కూడా ఆ కవర్లోనే. పాత ఈసీజీ పక్కన పెట్టి చూస్తే కొత్తగా వచ్చిన తేడా డాక్టరుకి చటుక్కున తెలుస్తుంది. ఆధార్, రేషన్ కార్డు ఉంటే మంచిదే కానీ వాటి కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఎమర్జెన్సీలో కార్డు లేదని వైద్యం ఆపకూడదు. యాక్సిడెంట్ కేసుల్లో కూడా పోలీసు కాగితాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు కదా, ఆ కాగితాల పని వెనకాల ఒకరు వచ్చి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్యమిత్ర దగ్గర కూర్చుని చేయించుకోవచ్చు.

మనిషితో పాటు ఇద్దరు చాలు. వీధి వీధంతా వస్తే డాక్టరు చెప్పేది ఎవరికీ వినబడదు. ఇద్దరిలో ఒకరు నొప్పి మొదలైనప్పుడు దగ్గరున్నవాళ్లు అయి ఉండాలి.

మళ్లీ ఎప్పుడైనా "పైకి రాస్తున్నాం" అంటే గొడవ పడకండి, బెదిరిపోకండి. సిస్టర్ని పక్కకి పిలిచి అడగండి. ఏం ఇచ్చారు, ఎన్నింటికి ఇచ్చారు అన్నది కాగితం మీద ఉందా? ఈసీజీ కాగితం మాతో పంపుతున్నారా? అక్కడికి ఫోన్ చేసి చెప్పారా? దారిలో ఏమైనా అయితే బండిలో ఎవరుంటారు? ఈ నాలుగు మాటలు అడిగిన ఇంటివాళ్లంటే మాకు గౌరవం, విసుగు కాదు. మీ వైపు నుంచి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, భీమవరం, ఇటు వస్తే అమలాపురం, ఆ పైన కాకినాడ. ఎక్కడ సీటీ స్కాన్ ఉంది, ఎక్కడ రాత్రి పూట కూడా స్టెంట్ వేస్తారు, ఏది వైద్య సేవలో ఉంది అన్నది ఒక పగటి పూట తీరిగ్గా కనుక్కుని అదే బీరువా కాగితం మీద రాయండి.

నాన్నగారి మాత్రల గురించి ఒక్క మాట. స్టెంట్ వేశాక రక్తం పలచబరిచే రెండు మాత్రలు ఇచ్చి ఉంటారు. ఒంట్లో బాగుందని, పన్ను పీకించుకోవాలని, ఎవరో చెప్పారని డాక్టరుని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపకండి. ఆపితే స్టెంట్ లోపలే గడ్డ కట్టొచ్చు. చెట్టు ఎక్కడం గురించి కూడా ఆయన్నే అడగండి. ఆ మాత్రలు వేసుకుంటూ ఎత్తు మీంచి పడితే రక్తం ఆగడం కష్టం. పని పోతుందన్న బెంగ నాన్నగారికి ఉంటుంది, ఆ మాట మీరే మెల్లగా ఎత్తండి.

చివరగా మీ అమ్మగారు. ఆవిడ గ్యాస్ అనుకోవడం తప్పు కాదని చెప్పండి. గుండెపోటులో కూడా కడుపు పైభాగంలో మంట, తేన్పులు, వాంతి వస్తాయి. చదువుకున్న డాక్టర్లు కూడా ఈసీజీ చూడకుండా తేల్చలేరు. మీరు ఆవిడకి బీపీ, షుగర్ ఉన్నాయేమో రాయలేదు. ఉంటే మటుకు ఒకటి గుర్తుంచుకోండి. ఆడవాళ్లకి, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లకి, గుండెపోటు చాలాసార్లు రొమ్ము నొప్పి లేకుండానే వస్తుంది. ఒక్కసారిగా ఆయాసం, ఎన్నడూ లేని నీరసం, దవడలోనో వీపులోనో లాగడం, అంతే. ఇల్లు ఊడుస్తూ మధ్యలో గుమ్మం పట్టుకుని నిలబడిపోయి "ఏం లేదులే, అలసట" అంటారు. నాన్నగారి చెకప్ రోజున అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఆవిడకీ ఒక ఈసీజీ తీయించి, బీపీ, షుగర్ చూపించి, ఆ కాగితం తెచ్చి కవర్లో పెట్టండి.